లైటు వేస్తే మాట్లాడని మనిషి

బాపు గొంతు మా ఇంట్లో ఎక్కడా రికార్డయి లేదన్న సంగతి, ఆ గొంతు తీసేస్తారని డాక్టరు చెప్పాకే మాకు తట్టింది. అంతకుముందు ఎందుకు తడుతుంది? మనిషి ఎదురుగానే ఉన్నాడు. పొద్దున లేస్తే మా మీద, పక్కింటివాళ్ల కోళ్ల మీద, టీవీలో వార్తలు చదివేవాళ్ల మీద కేకలేస్తూనే ఉన్నాడు. కాసేపు నోరు మూసుకుంటే బాగుండునని మేమే ఎన్నోసార్లు విసుక్కున్నాం.

కేకలంటే మామూలు కేకలు కావు. బోధన్‌లో షుగర్ ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో చెరుకు బండ్లను వరుస ప్రకారం లోపలికి పిలవడం ఆయన పని. మైకు ఉండేదట కానీ అది పనిచేసిన రోజులు తక్కువ. గేటు దగ్గర నిలబడి ఒక్క కేక వేస్తే, ఎక్కడో చివర బండి కింద తువ్వాల పరుచుకుని పడుకున్న రైతు లేచి ఎడ్లను కట్టుకునేవాడు. కోటగిరి వైపు నుంచి వచ్చే ఆంధ్రా రైతులు తనను చూసి నవ్వేవాళ్లని, ఇంత సన్నటి మనిషిలో అంత గొంతు ఎక్కడ దాచావయ్యా అనేవాళ్లని ఎన్నిసార్లు చెప్పాడో. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ గొంతుకు బయట పని లేకుండా పోయింది. ఇంట్లో మాత్రం తగ్గలేదు. సాయంత్రం మా సందు మలుపు తిరగ్గానే మొదలయ్యేది.

"ఏమే... ఇంట్ల ఉన్నవా?"

"ఉండక యాడికి పోత? నేను పోతె నీ బీడీలు ఎవ్వలు చేస్తరు?" అనేది అవ్వ, ఒళ్లో చాటలోంచి తల ఎత్తకుండానే. అవ్వ అంటే మా అమ్మ, బాపు అంటే నాన్న. మా దిక్కు అలాగే పిలుస్తాం. రోజూ అదే ప్రశ్న, అదే జవాబు. ఆమె ఎక్కడికీ పోదని ఆయనకు తెలుసు, ఆయన అడగకుండా గడప దాటడని ఆమెకు తెలుసు. వాళ్లిద్దరూ ప్రేమగా మాట్లాడుకోగా నేను విన్నది అంతే.

అవ్వ పెళ్లయి వచ్చినప్పటి నుంచి బీడీలు చేస్తూనే ఉంది. బాగా రాలేదని కార్ఖానాలో పక్కకు తీసేసిన బీడీలు ఇంటికి తిరిగొచ్చేవి. వాటిని బాపు కాల్చేవాడు. గొంతులో ఉన్నది మామూలు గడ్డ కాదని తెలిసిన రోజు అవ్వ ఏడవలేదు. చాట తీసి అటక మీద పడేసింది. "నా చేతి బీడీలే తాగిండు బిడ్డా" అంది. మర్నాడు చాట మళ్లీ దించుకుంది, చేతులు ఊరుకుంటలేవంది.

హైదరాబాద్‌లో డాక్టరు నన్నూ తమ్ముడినీ కూర్చోబెట్టి విడమరిచి చెప్పాడు. స్వరపేటిక మొత్తం తీసేయాలి. మెడ దగ్గర రంధ్రం పెడతారు, గాలి అందులోంచే. ప్రాణానికి ఫరవాలేదు కానీ మాట మాత్రం రాదు. ఈ విషయం ఆయనతో మీరే నెమ్మదిగా చెప్పండి, ముందే తెలిస్తే తట్టుకుంటారు అన్నాడు. మేం బుద్ధిగా తలలూపి వచ్చాం. చెప్పలేదు.

అవ్వే వద్దంది. "గొంతు పోతదంటె రాడు. సస్త గని రాను అంటడు. గడ్డ తీస్తరని చెప్పుండ్రి, సాలు."

ఇది మా ఇళ్లలో కొత్తేం కాదు. రోగం పేరు రోగికి తప్ప వాడకట్టుకంతా తెలుస్తుంది. మా పెద్దబాపు తన జబ్బేమిటో తెలియకుండానే పోయాడు. చూడటానికి బత్తాయిలు పట్టుకుని వచ్చినవాళ్లందరికీ తెలుసు. దాచడమే ప్రేమ అనుకునే మనుషులం. నాకు అప్పుడూ అది నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. కానీ చెప్పే ధైర్యం నాకూ లేకపోయింది, తమ్ముడికీ లేకపోయింది.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం బాపు నిద్రపోతుంటే అవ్వ నన్ను వంటింట్లోకి లాక్కెళ్లింది.

"ఆయన గొంతు ఫోన్ల పట్టియ్యి బిడ్డా. నోరు కదులుతుండాలె, మాట ఇనబడాలె. ఉత్త గొంతు వద్దు, ఎవ్వలో మాట్లాడినట్టుంటది."

"ఏం మాట్లాడియ్యాలె అవ్వా?"

"ఏం లేదు. రోజు పిలిచినట్టు నన్నొక్కసారి పిలిస్తె సాలు."

మొదట పెళ్లి వీడియోల్లో వెతికాం. నా పెళ్లివీ, తమ్ముడి పెళ్లివీ సీడీలు అల్మారాలో ఉంటే నిజామాబాద్‌లో పెన్‌డ్రైవ్‌లో వేయించుకొచ్చాను. టీవీకి దగ్గరగా పీట వేసుకుని అవ్వ, పక్కన నేను. బీడీల మీద పెట్టి పెట్టి ఆమె కళ్లు మసకేశాయి, దగ్గర కూర్చుంటే తప్ప ముఖాలు ఆనవు. బాపు చాలాచోట్ల కనిపించాడు. బంతిలో కూర్చున్నవాళ్ల వెనక తిరుగుతూ వడ్డించేవాళ్ల మీద అరుస్తున్నాడు. మెడ నరాలు కూడా కనపడుతున్నాయి. వినపడేది మాత్రం సినిమా పాట. మా దగ్గర పెళ్లి వీడియో అంటే అంతే, వీడియో తీసేవాడు అందరి మాటలూ తుడిచేసి మొదటి నుంచి చివరి దాకా పాటలు వేసి ఇస్తాడు. అప్పట్లో మేమే అడిగి మరీ వేయించుకున్నాం.

ఆ పెళ్లి వీడియోలతోనే మనవాళ్లకు ఒక అలవాటు వచ్చింది. వీడియో ఆయన వెంట ఒకడు పెద్ద లైటు, దాని వెనక గజాల కొద్దీ వైరు మోస్తూ వచ్చేవాడు. ఆ వెలుగు ఎవరి మీద పడితే వాళ్లు ఠక్కున ఆగిపోయేవారు. నమిలే ముద్ద నమలరు. మాట్లాడే మాట సగంలో మింగేస్తారు. కొంగు సర్దుకుని, కళ్లు మండుతున్నా ఆర్పకుండా లైటులోకే చూస్తూ కూర్చుంటారు. లైటు పక్కవాళ్ల మీదకు జరిగాకే ఊపిరి. అది కదిలే బొమ్మ అని ఎంత చెప్పినా మా ఇంటి పెద్దలకు అది పొడుగాటి ఫోటోనే. ఫోటోలో మాట్లాడితే నోరు వంకర పోతుందని వాళ్ల నమ్మకం.

నా దగ్గర ఒక చిన్న లైటు ఉంది, ఫోను మీద తగిలించేది, అరచేతిలో పట్టేంత. నిజామాబాద్‌లో నేను పనిచేసే ప్రైవేటు బడిలో వార్షికోత్సవాలు ఒక రేకుల షెడ్డులో జరుగుతాయి. వీడియోలో మా పిల్లలు కనపడటం లేదు మేడం అని తల్లులు గొడవ చేస్తే కొన్నాను. కొన్న మొదట్లో అది నాకు చేసిన ఉపకారం ఏమీ లేదు. ముందు వరుస పిల్లలకు ముఖానికి పిండి రాసినట్టు, వెనక వరుస మొత్తం మాయం. లెన్సు పక్కనుంచి వెలుగు నేరుగా కొడితే మనిషి ముఖంలో మెత్తదనమంతా పోతుంది, నుదురూ ముక్కూ మెరుస్తాయి, వెనకంతా నల్లటి గోడ. తర్వాత తర్వాత తెలిసింది, లైటును మనిషి మీదకు కాకుండా దగ్గరున్న తెల్లగోడ మీదకు తిప్పాలని, లేదంటే పలచటి బట్ట కట్టాలని, సగానికి తగ్గించి కాసేపు ముందే వెలిగిస్తే కళ్లు అలవాటు పడతాయని. ఇదంతా వచ్చు కాబట్టి బాపు వీడియో నాకో లెక్కా అనుకున్నాను.

బాపు మంచం నడిమి గదిలో ఉండేది. కిటికీ లేని గది. బీడీలకు తడిపిన తునికాకు ఆరిపోకూడదని అవ్వ ఏళ్ల తరబడి ఆ గదిని చీకటిగానే ఉంచింది. గోనెసంచుల్లో ఆకు కట్టలు, తంబాకు ఎగిరిపోతుందని ఎప్పుడూ తిరగని ఫ్యాను, ఎప్పుడో మాడిపోతే మార్చని బల్బు. బయట ముసురు పట్టి మూడు పొద్దులూ ఒకే రంగులో ఉన్నాయి. ముందర గదిలో పడుకో బాపూ, వెలుతురు వస్తుంది అంటే వినడు. అలవాటైన వాసన లేకపోతే నిద్ర పట్టదట. ఆ వాసనే నిన్ను ఇక్కడిదాకా తెచ్చింది అన్న మాట నోటిదాకా వచ్చి ఆగింది.

హైదరాబాద్ వెళ్లేముందు రోజు మధ్యాహ్నం, అన్నాలు తిన్నాక మొదలుపెట్టాం. నేను ఫోనుకు లైటు తగిలించుకుని మంచం ఎదురుగా, అవ్వ నా వెనక గోడకు ఆనుకుని. అప్పటిదాకా బాపు బాగానే మాట్లాడుతున్నాడు. గొంతు జీరపోయి గరగరలాడుతోంది కానీ మాట ఆయనదే. ఈ ముసురుకు పసుపు రైతులు ఆగమైపోతారని, మోర్తాడ్‌లో మా మేనమామ చేనులో నీళ్లు నిలిచి ఉంటాయని ఏదో చెబుతున్నాడు. లైటు వేశాను.

నోరు మూతపడింది.

లేచి కూర్చున్నాడు. అంగీ గుండీలు మెడదాకా పెట్టుకున్నాడు. అరచేత్తో జుట్టు వెనక్కి దువ్వుకుని, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, సూటిగా లైటులోకి చూశాడు.

"మంచిగ కూసోని మాట్లాడు బాపు. మోర్తాడ్ సంగతి చెప్తుంటివి గద."

ఉలకడు, పలకడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, ఆ వెలుగుకు. తగ్గించాను. గోడ మీదకు తిప్పాను. ఆ గోడకు నీలం కలిపిన సున్నం, దాని మీద పడి తిరిగొచ్చిన వెలుగులో బాపు ముఖం నీలంగా అయింది. వెనకనుంచి అవ్వ "అట్ల వద్దు బిడ్డా, అట్ల వద్దు" అని నా భుజం గుంజింది. వెంటనే తిప్పేశాను. అవ్వ పాత పంచె ముక్క ఒకటి, ఉతికి ఉతికి పలచబడ్డది, తెచ్చి ఇచ్చింది. దాన్ని లైటుకు చుట్టాను. అప్పుడు కుదిరింది. మెత్తటి లేత పసుపు వెలుగు. ముడతలు, నెరిసిన గడ్డం, మెడ పక్కన వాపు, అన్నీ ఉన్నవి ఉన్నట్టు. అంత బాగా నేను ఎవరినీ తీయలేదు. మాటే లేదు.

"మాట్లాడు బాపు, ఏదన్న మాట్లాడు."

"జర మాట్లాడరాదు" అంది అవ్వ. "రోజు పిలిచినట్టు నన్నొక్కసారి పిలువరాదు."

ఇంట్లో, ఎదురుగా ఉన్న మనిషిని ఎందుకు పిలవాలో ఆయనకు అర్థం కాలేదు. కనుబొమలు ముడిపడ్డాయి కానీ పెదవి కదలలేదు. నాకు కోపం వచ్చింది, ఏడుపు కూడా. పొద్దంతా వాగే మనిషి, ఈ ఒక్క పూట నోరు తెరవమంటే తెరవడు. ఎందుకు తెరవాలో చెప్పడానికి వీల్లేదు. లైటు ఆపితే మాట్లాడతాడు, కానీ ఆ గదిలో లైటు ఆపితే ఫోనులో నలుపు తప్ప ఏమీ రాదు. ఒక రోజు ముందు ఫోను దిండు పక్కన దాచిపెట్టి చూశాను కూడా. రేకుల మీద వాన చప్పుడు, దగ్గు, మంచం కిర్రుమనడం వచ్చాయి. అవ్వ అడిగింది అది కాదు.

"బాపు, నీ కాళ్లు మొక్కుత, ఏదో ఒకటి అనరాదు" అన్నాను. ముక్కు ఎగబీల్చి, కళ్లు భుజానికి తుడుచుకున్నాను. లైటు వెనక చీకట్లో ఉన్న మా ముఖాలు ఆయనకు కనపడవు. కనపడి ఉంటే అప్పుడే పట్టేసేవాడు.

అప్పుడు బాపు నోరు తెరిచాడు.

"వచ్చిందా బిడ్డా? ఫ్లెక్సీకి పనికొస్తదా?"

నాకు వెంటనే అర్థం కాలేదు. "ఏం ఫ్లెక్సీ బాపు?"

"తమ్ముడు అంటడు గద. బతికినప్పుడు ఒక్క మంచి ఫోటో దిగరు, సచ్చినంక ఆధార్ కార్డు పట్టుకొస్తరు అని. అందుకే సక్కగ కూసున్న. మెడ మీది గడ్డ కనవడనియ్యకు. ఇగ బంద్ చెయ్యి, కండ్లు మండుతున్నయ్."

తమ్ముడికి బోధన్ బస్టాండ్ దగ్గర ఫ్లెక్సీల షాపు ఉంది. లీడర్ల పుట్టినరోజులు, బోనాలు, ఎక్కువగా మాత్రం శ్రద్ధాంజలి. మసక మసక ఫోటోలు తెచ్చి నిలువెత్తు కొట్టిమ్మంటారని ఇంటికొచ్చి సణుగుతూ ఉంటాడు. బాపు అవన్నీ విన్నాడు. కూతురు నిజామాబాద్ నుంచి లైటు పట్టుకొచ్చింది, భార్య వెనక నిలబడి పంచె ముక్క అందిస్తోంది, రేపు ఆపరేషన్‌కు పోవాలి. తనను దేనికి సిద్ధం చేస్తున్నామో ఆయన తనంతట తానే తేల్చుకున్నాడు. ఒక్క మాట అడగకుండా, మాకు పని తేలిక చేద్దామని కదలకుండా కూర్చున్నాడు.

"ఛీ, ఏం మాటలు బాపు గవి. ఏం కాదు నీకు. చిన్న గడ్డ, తీసేస్తరు, అంతే" అన్నాను. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను లైటు ఆపేశాను.

ఆపరేషన్ బాగానే జరిగింది. బాపు బతికాడు. ఆ మాట ముందు చెప్పాలి, ఎందుకంటే చూడటానికి వచ్చినవాళ్లంతా మాకు అదే చెప్పారు, బతికిండు గద, గంతె సాలు అని. నిజమే. కానీ ఆయన కళ్లు తెరిచినప్పుడు పక్కన ఉన్నది తమ్ముడు. "కండ్లు తెరవంగనె నన్ను పిలిచిండక్కా. నోరు కదిలింది. రాలె. మల్ల పిలిచిండు. నాకు ఏం చెప్పాల్నో తెల్వలె" అని ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని పసిపిల్లాడిలా ఏడ్చాడు. ఎవరూ ఏమీ చెప్పకముందే బాపు మెడ దగ్గర చెయ్యి పెట్టి తడుముకుని చూసుకున్నాడట. ఆ తర్వాత మళ్లీ నోరు కదపలేదట.

ఇంటికి వచ్చాక మా మీద కోపం చూపిస్తాడేమో అనుకున్నాను. చూపించలేదు. అది ఇంకా కష్టంగా ఉంది. ఏదైనా కావాలంటే స్టీలు గ్లాసుతో మంచం కోడు మీద కొడతాడు. పక్కింటి కోళ్లు ఇప్పుడు నిర్భయంగా మా వాకిట్లోకి వస్తాయి. సాయంత్రం కాసేపు బయట తిరిగి వచ్చి గొళ్లెం చప్పుడు చేస్తే అవ్వ తల ఎత్తి, కళ్లు చిట్లించి చూడాల్సి వస్తోంది, ఎవరో తెలియడానికి. రోజూ ఇచ్చే జవాబు ఆమె దగ్గరే మిగిలిపోయింది. వీడియో సంగతి మాత్రం అవ్వ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఫ్లెక్సీ అన్న మాటను ఆమెకు మళ్లీ వినిపించడం నా వల్ల కాదు.

దసరా సెలవులకు వెళ్లినప్పుడు బాపే అడిగాడు. అవ్వ మూలన కూర్చుని ఆకు కత్తిరిస్తోంది. నేను మంచం మీద బాపు పక్కన కూర్చున్నాను. నా ఫోను చూపించి, రెండు చేతులతో గాలిలో చతురస్రం గీశాడు. తన గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూపించాడు. ఆ రోజు తీసిన తన ఫోటో చూపించమని. లేదు బాపు, పోయింది అన్నాను. నమ్మలేదు. గ్లాసుతో కోడు మీద కొట్టాడు, నేను తీసేదాకా కొట్టాడు.

పెట్టాను. సౌండు తగ్గిద్దామని చూస్తే నా చెయ్యి పక్కకు తోసేశాడు.

ఫోనులో బాపు గుండీలు పెట్టుకుని కదలకుండా కూర్చుని ఉన్నాడు. ఆయనకు ఆ రోజు తన ముఖం తనకు కనపడలేదు, మా ముఖాలూ కనపడలేదు. ఇప్పుడు తన ముఖం కనపడుతోంది, లైటు వెనకనుంచి మా గొంతులు వినపడుతున్నాయి. మాట్లాడు బాపు. జర మాట్లాడరాదు. నన్నొక్కసారి పిలువరాదు. నీ కాళ్లు మొక్కుత బాపు. మూలన కత్తెర చప్పుడు ఆగిపోయింది.

బాపు తను మాట్లాడిన చోటుదాకా పోనివ్వలేదు. వేలితో వెనక్కి జరిపాడు. అవ్వ అడిగిన మాట మళ్లీ వచ్చింది. ఇంకోసారి జరిపాడు. మళ్లీ వచ్చింది. అప్పుడు ఫోను మీద నుంచి తల ఎత్తి నన్ను చూశాడు. మాకు ముందే తెలుసని ఆయనకు తెలిసిపోయింది. ఎందుకు అడిగామో, ఎందుకు ఏడ్చామో, ఎందుకు చెప్పలేదో, అన్నీ ఒక్కసారే.

ఫోను వెలుగు ఆయన ముఖం మీద పడుతోంది. ఆస్పత్రి తర్వాత మొదటిసారి ఆయన పెదవులు కదిలాయి. గాలి మెడ దగ్గరే పోతోంది కాబట్టి గుసగుస కూడా రాదు. నాకు అందాలని మెల్లగా, ఒక్కో మాటా విడదీసి అన్నాడు.

చెప్తే పిలుస్తుంటి గద.

"ఏమంటుండు బిడ్డా?" అంది అవ్వ మూలనుంచి. ఆమెకు అంత దూరం ఆనదు.

"నీళ్లు అడుగుతుండు అవ్వా" అన్నాను.

అవ్వ మోకాళ్లు పట్టుకుని లేచింది. వంటింట్లోకి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. బాపు చెంబు అందుకుని తాగాడు.